మందపు లీడర్‌కు నమ్మదగిన ముడిని ఎంచుకుని కట్టుకోవడం ఎలా?

సముద్రంలోనో, మడ అడవుల మధ్య ఏటి పాయల్లోనో పెద్ద చేపకు గాలం వేసేవారు రీలు మీది సన్నని బ్రెయిడ్ (పోగులతో అల్లిన) దారానికీ, కొక్కేనికీ నడుమ ఒక మందపు నైలాన్ దారాన్ని కట్టుకుంటారు. దానినే లీడర్ అంటున్నాము. చేప పళ్లు, మొప్పల అంచులు, రాళ్లు, ఆలుచిప్పలు తగిలినా తెగకుండా ఒరిపిడిని తట్టుకోవడమే దాని ముఖ్యమైన పని. 20 పౌండ్ల (ఎంత లాగుడుకు తెగుతుందో చెప్పే బలం) సన్న దారానికి చక్కగా పనిచేసే ముడినే 80 పౌండ్ల లీడర్‌కు కూడా వేసి, ముడి పడింది కదా అని నిశ్చింతగా ఉండేవారు చాలామంది ఉన్నారు. నేనూ కొన్నేళ్లు అలాగే చేశాను. మందపు దారానికి ఏ ముడి ఎందుకు సరిపోతుందో, దానిని చేతితో ఎలా బిగించాలో, బిగిసిందని ఎలా తెలుసుకోవాలో ఈ వ్యాసంలో వివరిస్తాను.

ముందుగా నా చేతిలో జరిగిన ఒక పొరపాటు చెప్పాలి. భీమిలి దాటి ఫైబర్ బోటు మీద వెళ్లిన ఒక ఉదయం, 80 పౌండ్ల లీడర్‌కు ఐదు చుట్లతో క్లించ్ ముడి (కొనను దారం చుట్టూ చుట్టి బిగించే మామూలు ముడి) వేసి గాలం దింపాను. చేప పట్టింది, రీలు కూసింది, పది నిమిషాలు గుంజులాట సాగింది, తరువాత ఒక్కసారిగా దారం వదులైపోయింది. లీడర్ తెగిందనుకుని పైకి లాగి చూస్తే కొన తెగిన గుర్తే లేదు. చివరి రెండంగుళాలు పంది తోకలా చుట్టలు తిరిగి ఉన్నాయి, కొన మాత్రం నేను కత్తిరించిన చోట కత్తిరించినట్టే నున్నగా ఉంది. పార చేప అయి ఉంటుందని సరంగు అన్నాడు, నేనైతే చూడనే లేదు. ఆ చుట్టల కొన చెప్పే సంగతి ఒక్కటే: దారం తెగలేదు, ముడి జారిపోయింది. మీ లీడర్ ఎప్పుడైనా ఇలా చుట్టలు తిరిగి వస్తే మరింత బలమైన దారం కొనవద్దు, ముడిని మార్చండి.

బలం లెక్క ముందుగా చూసుకోండి

ముడుల గురించి వెతికితే ఏ ముడి దారపు బలంలో ఎంత శాతం నిలుపుతుందో చెప్పే పట్టికలు కనిపిస్తాయి. సన్న దారానికి ఆ శాతాలు నిజంగానే ముఖ్యం. మందపు లీడర్ విషయంలో లెక్క వేరుగా ఉంటుంది. మీ రీలు మీద 50 పౌండ్ల, అంటే సుమారు 23 కిలోల బ్రెయిడ్ ఉందనుకోండి. డ్రాగ్‌ను, అంటే ఎంత లాగితే రీలు దారం వదలాలో ఆ బిగువును, సాధారణంగా రీలు మీది దారపు బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు లోపు పెట్టుకుంటాము కనుక అది 6 లేదా 7 కిలోల దగ్గర ఉంటుంది. లీడర్ 80 పౌండ్లది, అంటే సుమారు 36 కిలోలు. దానికి వేసిన ముడి సగం బలమే నిలిపినా 18 కిలోలు అవుతుంది, డ్రాగ్‌కు రెట్టింపు కన్నా ఎక్కువ. అందువల్ల మందపు లీడర్ ముడి దగ్గర తెగడం అరుదు. అక్కడ జరిగే నష్టం దాదాపు ఎప్పుడూ జారడం వల్లనే. కాబట్టి ముడిని ఎంచుకునేటప్పుడు శాతాల పట్టిక చూడటం కన్నా, ఈ దారంతో ఈ ముడిని నా చేతులతో పూర్తిగా బిగించగలనా అని చూసుకోవడం మేలు.

ఎందుకు బిగియదో కూడా తెలిసి ఉండాలి. 80 పౌండ్ల నైలాన్ సుమారు 0.8 నుంచి 0.9 మి.మీ., 100 పౌండ్లది దాదాపు 1 మి.మీ. మందం ఉంటుంది. మందం రెట్టింపైతే దారం వంగడానికి చూపే మొండితనం రెట్టింపుతో ఆగదు, అనేక రెట్లు పెరుగుతుంది. అలాంటి దారానికి ఐదారు చుట్లు వేస్తే ప్రతి చుట్టూ స్ప్రింగులా ఎదురు తంతుంది, చుట్లు ఒకదాని పక్కన ఒకటి కుదురుకోవు, చేతితో ఎంత లాగినా లోపల ఖాళీ మిగిలిపోతుంది. పైకి బిగిసినట్టు కనిపించిన ఆ ముడి చేప తల విదిలించిన ప్రతిసారీ ఒక్కొక్క మిల్లీమీటరు జారుతుంది. అందుకే దారం మందం పెరిగేకొద్దీ చుట్ల సంఖ్య తగ్గాలి. సన్న దారంతో చేయి తిరిగినవారికి ఇది తలకిందులుగా తోస్తుంది, ఎందుకంటే అక్కడ చుట్లు పెంచితేనే పట్టు పెరుగుతుంది.

ఫ్లోరోకార్బన్ లీడర్ వాడేవారు మరికొంత జాగ్రత్త పడాలి. అది నైలాన్ కన్నా బిరుసుగా, గట్టిగా ఉంటుంది. నైలాన్ నీటిని కొంత పీల్చుకుని మెత్తబడుతుంది, ఫ్లోరోకార్బన్ దాదాపు పీల్చుకోదు. పైగా నైలాన్ కన్నా తక్కువ వేడికే కరుగుతుంది కనుక, పొడిగా ఉన్న ముడిని విసురుగా లాగితే రాపిడి వేడికి దారం పై పొర పాడవుతుంది. ముడిని తడపడం నైలాన్‌కు మంచి అలవాటు, ఫ్లోరోకార్బన్‌కు తప్పనిసరి.

ఏ చేప, ఎక్కడ, ఏ ముడి

కోరంగి మడ అడవుల పాయల్లోనో, కృష్ణా ముఖద్వారం దగ్గరో పండుగప్పకు గాలం వేస్తే 40 నుంచి 60 పౌండ్ల లీడర్ సరిపోతుంది. పండుగప్పకు కొరికి తెంపే పళ్లు ఉండవు గాని పెదవులు ఆకురాయిలా గరుకుగా ఉంటాయి, మొప్పల అంచు కత్తిలా కోస్తుంది. ఇక్కడ నకిలీ చేప (చేపలా చేసిన ఎర) నీటిలో స్వేచ్ఛగా ఊగాలి కాబట్టి వలయపు ముడి బాగుంటుంది. ఒడ్డు నుంచి లేదా పడవ నుంచి పెద్ద పార చేపలకు పాపర్ (నీటి పైన చప్పుడు చేసే నకిలీ చేప) విసిరేవారు 80 నుంచి 130 పౌండ్లు వాడతారు, అండమాన్ పగడపు దిబ్బల దగ్గర జెయింట్ ట్రెవల్లీకి ఇంకా పైకి వెళతారు. ఇక్కడ మూడు చుట్ల యూని ముడి నమ్మకమైనది. ఎర గుచ్చే ఒంటి కొక్కేనికైతే కాడ చుట్టూ చుట్టే స్నెల్ ముడిని మించినది లేదు. 130 పౌండ్లు దాటితే ముడి ఆలోచన మాని, దారాన్ని లోహపు గొట్టంలో పెట్టి నొక్కే క్రింపు వాడండి.

వంజరం విషయం వేరు. ఉత్తరాంధ్రలో కోనెం అని పిలిచే ఈ చేప పళ్లు ఎంత మందపు నైలాన్‌నైనా ఒక్క కాటుకు కోస్తాయి. దానికి కొక్కెం దగ్గర జానెడు స్టీలు తీగ ఉండాలి. ఒంటి పోగు తీగకు ముడి వేయరు, మెలిక వేస్తారు. కొక్కెపు కంటి (కట్టుకునే రంధ్రం) లోంచి తీసిన తీగను అసలు తీగతో కలిపి, రెండూ సమానంగా ఒకదానిపై ఒకటి పెనవేసుకునేలా కనీసం మూడున్నర మెలికలు తిప్పి, ఆపైన కొనను అసలు తీగకు అడ్డంగా ఐదారు దగ్గర చుట్లు చుట్టాలి. మిగిలిన కొనను కత్తిరించకుండా అటూ ఇటూ వంచి విరవండి. కత్తిరిస్తే మిగిలే మొన చేతిని లోతుగా గీరుతుంది.

కట్టడానికి ముందు

చుట్ట నుంచి తీసిన మందపు దారం చుట్ట ఆకారాన్ని వదలదు. కావలసిన పొడవు కత్తిరించి, ఒక కొనను స్తంభానికో కిటికీ ఊచకో కట్టి, చేతికి గుడ్డ చుట్టుకుని నిదానంగా లాగి పట్టుకోండి. అర నిమిషంలో అది తిన్నగా అవుతుంది. వంకర దారంతో ఏ ముడీ సరిగ్గా కుదరదు, కాబట్టి ఈ పని తొందరలో మానుకోవద్దు.

దగ్గర ఉంచుకోవలసినవి ఎక్కువేమీ లేవు. ఒక జత మందపు చేతి తొడుగులు, మంచి కటింగ్ ప్లేయర్, పదునైన కత్తెర, బొటనవేలంత లావున్న జానెడు కర్రముక్క, 50 కిలోల వరకు చూపే వేలాడే త్రాసు. ప్రయాణాల్లో సామాను తూచుకునే చిన్న డిజిటల్ త్రాసు దీనికి చాలు. మందపు దారాన్ని ఒట్టి చేతులతో లాగితే అరచేయి కోసుకుంటుంది, కోసుకుంటుందన్న భయంతోనే మనం సగంలో ఆపేస్తాము. తొడుగులు చేతినీ ముడినీ రెండింటినీ కాపాడతాయి. నకిలీ చేపకు మూడు మొనల కొక్కేలుంటే బిగించే ముందు వాటిని విప్పేయండి. ముడి హఠాత్తుగా జారితే అవి నేరుగా మీ చేతిలోకి వస్తాయి. కళ్లద్దాలు పెట్టుకోవడం కూడా మంచిది.

మూడు చుట్ల యూని

మందపు లీడర్‌ను కొక్కేనికో, దారం మెలిపడకుండా తిరిగే లోహపు కడియమైన స్వివెల్‌కో కట్టడానికి ఒక్క ముడే నేర్చుకునే ఓపిక ఉంటే దీనిని నేర్చుకోండి.

లీడర్ కొనను కంటిలోంచి 25 సెంటీమీటర్ల దాకా బయటికి తీయండి. ఆ కొనను వెనక్కి మడిచి అసలు దారానికి (రీలు వైపు పోయే భాగానికి) పక్కనే ఆనించి పట్టుకోండి. ఇప్పుడు రెండు దారాలు జంటగా ఉంటాయి. కొనను మళ్లీ కన్ను వైపు తిప్పి, జంట దారాల మీద పెద్ద వలయం ఏర్పడేలా పెట్టండి. ఆ వలయంలోంచి, జంట దారాల చుట్టూ, కొనను మూడుసార్లు చుట్టండి. మూడే. నాలుగో చుట్టు బలం అనిపిస్తుంది గాని 80 పౌండ్ల దారంలో అది బిగింపుకు అడ్డు.

ఇప్పుడు ముడిని నోటి తడితోనో నీటితోనో బాగా తడపండి. మొదట కొనను మాత్రమే, చుట్లు ఒకదాని పక్కన ఒకటి వరుసగా చేరే దాకా, మెల్లగా లాగండి. ఈ దశలో పూర్తిగా బిగించకూడదు. చుట్లు ఒకదానిపై ఒకటి ఎక్కాయేమో చూడండి. ఎక్కి ఉంటే విప్పి మళ్లీ వేయండి, లాగితే సర్దుకుంటుందని ఆశపడవద్దు. వరుస సరిగా ఉంటే అసలు దారాన్ని లాగుతూ ముడిని కంటి దాకా జరపండి. కొక్కేన్ని ఒక గట్టి మేకుకు తగిలించి, లీడర్‌ను కర్రముక్కకు రెండు మూడు చుట్లు చుట్టి, రెండు చేతులతో శరీరపు బరువు వేసి నిదానంగా లాగండి. లాగుతూ ఉండగా చుట్లు ఒక్కసారి చిన్నగా కదిలి ఆగిపోతాయి. ఆ కదలిక చేతికి తెలుస్తుంది. తరువాత కొనను ప్లేయర్‌తో పట్టుకుని ఒక చివరి లాగు లాగి, మళ్లీ అసలు దారాన్ని ఒకసారి లాగండి. బాగా బిగిసిన ముడిలో చుట్ల మధ్య వెలుతురు కనబడదు, గోటితో నెట్టితే ముడి కదలదు.

కొనను ముడికి ఆనించి కత్తిరించవద్దు. నాలుగైదు మిల్లీమీటర్లు వదలండి. మందపు దారంలో తొలి పెద్ద చేప పట్టినప్పుడు ముడి ఇంకొంచెం బిగుస్తుంది, ఆ కాస్త కొన అందుకు కావాలి. ఆ కొనను లైటరుతో కాల్చి బొడిపె చేసేవారున్నారు. కాల్చదలిస్తే మంట ముడి దరికి రాకూడదు, వేడి తగిలిన నైలాన్ బలం కోల్పోతుంది. నేను కాల్చను.

ఈ వ్యాసంలో పాలోమార్ ముడి (దారాన్ని జంటగా మడిచి కంటిలోంచి తీసి, ఆ వలయంలోంచి కొక్కేన్ని దూర్చే ముడి) ఎందుకు లేదని అడగవచ్చు. బ్రెయిడ్‌ను నేరుగా స్వివెల్‌కు కట్టడానికి అది చాలా మంచి ముడి. మందపు లీడర్‌తో రెండు ఇబ్బందులున్నాయి: మడిచిన జంట దారం చాలా కొక్కేల కంటిలో పట్టదు, పట్టినా పెద్ద నకిలీ చేప మొత్తాన్ని వలయంలోంచి దూర్చాలి. పైగా బిరుసు దారం మడతలు ఒకదానిపై ఒకటి అడ్డంగా పడి ముడి వాలుగా బిగుస్తుంది.

ఊగే వలయం

నకిలీ చేప కంటికి గట్టిగా బిగిసిన మందపు లీడర్ దాని ఊపును చంపేస్తుంది. పండుగప్పకు ఊపే ముఖ్యం కనుక జారని వలయపు ముడి నేర్చుకోవడం అవసరం. అమెరికాలో లెఫ్టీ క్రే అనే ప్రసిద్ధ గాలగాడు ప్రచారంలోకి తెచ్చిన ఈ ముడికి ఆయన సూచించిన చుట్ల లెక్క మన చర్చకు సరిగ్గా సరిపోతుంది: 15 నుంచి 40 పౌండ్లకు నాలుగు చుట్లు, 50, 60 పౌండ్లకు మూడు, అంతకు పైన రెండే.

దారాన్ని కంటిలో దూర్చక ముందే, కొన నుంచి జానెడు దూరంలో ఒక ఒంటి ముడి వేసి బిగించకుండా వదులుగా ఉంచండి. కొనను కంటిలోంచి తీసి, ఒంటి ముడి వలయంలోకి, అది ఏ వైపు నుంచి బయటికి వచ్చిందో ఆ వైపు నుంచే, తిరిగి దూర్చండి. చాలామంది తప్పేది ఇక్కడే. ఎదురు వైపు నుంచి దూరిస్తే ముడి బిగిసినట్టే ఉంటుంది గాని వంకరగా నిలుస్తుంది, బలమూ తగ్గుతుంది. తరువాత కొనను అసలు దారం చుట్టూ పై లెక్క ప్రకారం చుట్టి, మళ్లీ ఒంటి ముడిలోకి అదే వైపు నుంచి వెనక్కి తీసుకురండి. తడిపి, మొదట కొనను లాగి ఒంటి ముడి మూసుకునేలా చేసి, ఆ తరువాత వలయాన్నీ అసలు దారాన్నీ ఎదురెదురుగా గట్టిగా లాగండి. ఒంటి ముడి కంటికి ఎంత దగ్గర ఉంటే వలయం అంత చిన్నదవుతుంది. చిటికెన వేలు దూరేంత వలయం చాలు, అంతకన్నా పెద్దదైతే విసిరేటప్పుడు కొక్కెం అందులో చిక్కుకుంటుంది.

బ్రెయిడ్‌కు లీడర్‌ను కలిపే ఎఫ్‌జీ

అసలు పరీక్ష ఇక్కడే. 4వ నంబరు (మందాన్ని చెప్పే అంకె) బ్రెయిడ్ మందం సుమారు 0.33 మి.మీ., 80 పౌండ్ల లీడర్ దానికి రెండున్నర రెట్లకు పైగా. ఇంత తేడా ఉన్న రెండు దారాలకు రెండు యూనిలు ఎదురెదురుగా వేస్తే, బిరుసు లీడర్ వైపు ముడి సరిగా బిగియదు, నున్నని బ్రెయిడ్ దానిలోంచి జారుతుంది, ముడి బొడిపె రాడ్ రింగుల్లో టకటకమని తగులుతూ పోతుంది. లీడర్‌ను వంచకుండానే కలపడం దీనికి పరిష్కారం. ఎఫ్‌జీ ముడిలో లీడర్ తిన్నగానే ఉంటుంది, బ్రెయిడ్ దాని మీద జాలీలా అల్లుకుంటుంది. లాగేకొద్దీ ఆ జాలీ ఇరుకై లీడర్‌ను మరింత పట్టుకుంటుంది. ముడి సన్నగా ఉండి రింగుల్లోంచి సాఫీగా పోతుంది. నేర్చుకోవడానికి ఓపిక కావాలి. నాకు తొలి పది ముడుల్లో ఏడు జారిపోయాయి, అన్నీ ఇంట్లోనే పరీక్షలో జారాయి కాబట్టి నష్టం లేదు.

రాడ్‌ను నిలకడగా ఆనించి, రీలు నుంచి రెండు మూడు అడుగుల బ్రెయిడ్ తీయండి. బ్రెయిడ్ కొనను పళ్ల మధ్య పట్టుకోండి, లేదా ఎడమ చేతి వేళ్లకు చుట్టుకోండి. రాడ్ కొనకూ మీకూ మధ్య బ్రెయిడ్ తీగలా బిగువుగా ఉండాలి. పని అయ్యేవరకు ఈ బిగువు సడలకూడదు, ఈ ముడి మొత్తం ఆ బిగువు మీదే ఆధారపడింది. లీడర్ కొనను ఆ బ్రెయిడ్ మీద అడ్డంగా పెడితే బ్రెయిడ్ రెండు పాయలుగా అవుతుంది: ఒకటి రాడ్ వైపు, ఒకటి మీ పళ్ల వైపు. వాటిని ఎడమ పాయ, కుడి పాయ అనుకుందాము.

ఇప్పుడు లీడర్ కొన 8 అంకె గీస్తున్నట్టు తిరగాలి. రెండు పాయల నడిమి సందులోంచి ముందు నుంచి వెనక్కి దూరి, కుడి పాయ బయటి వైపు నుంచి ముందుకు రావాలి. మళ్లీ నడిమి సందులోంచి ముందు నుంచి వెనక్కి దూరి, ఈసారి ఎడమ పాయ బయటి వైపు నుంచి ముందుకు రావాలి. ప్రతిసారీ దూరడం నడుమ నుంచే, రావడం మాత్రం ఒకసారి కుడి నుంచి, ఒకసారి ఎడమ నుంచి. ఒక్కొక్క తిప్పు తరువాత అల్లిక ముందు దానికి ఆనుకుని పడేలా వేలితో దగ్గరకు నెట్టండి. 80 పౌండ్ల లీడర్‌కు ఇలాంటివి సుమారు 20 తిప్పులు, అంటే పది పూర్తి ఎనిమిదులు వేయండి. అల్లిక మీద చూస్తే గుణకారపు గుర్తులు వరుసగా పేర్చినట్టు కనిపించాలి. ఎక్కడైనా ఒకే వైపు రెండు తిప్పులు పడితే ఆ వరుస చెదిరి కంటికి తెలిసిపోతుంది.

అల్లిక చివరను రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని, బ్రెయిడ్ కొనతో లీడర్ కొననూ అసలు బ్రెయిడ్‌నూ కలిపి ఒక సగం ముడి (కొనను ఒక్కసారి చుట్టూ తిప్పి ఆ వలయంలోంచి తీసేది) వేయండి. ఇప్పుడు అల్లికను తడిపి, చేతి తొడుగులు వేసుకుని, అసలు బ్రెయిడ్‌ను ఒక వైపు, లీడర్ పొడవు భాగాన్ని ఇంకో వైపు పట్టి నిదానంగా, మధ్యలో ఆపకుండా లాగండి. అల్లిక కొద్దిగా జరిగి పొట్టిదవుతుంది, తరువాత కొరికి పట్టినట్టు ఆగుతుంది. సరిగ్గా అప్పుడే బ్రెయిడ్ రంగు మారుతుంది. లేత పచ్చది ముదురు పచ్చ అవుతుంది, తెల్లనిది గాజులా మెరుస్తుంది. ఈ రంగు మార్పు లేని ఎఫ్‌జీని నమ్మి సముద్రంలోకి తీసుకుపోవద్దు. రంగు కొంత భాగమే మారితే మళ్లీ లాగండి.

మరో సగం ముడి వేసి, ఇంకోసారి శక్తి కొద్దీ లాగి, అప్పుడు మాత్రమే లీడర్ కొనను అల్లిక దగ్గరకు ఏటవాలుగా కత్తిరించండి. కత్తెర మొన బ్రెయిడ్‌కు తగలకుండా చూసుకోవాలి. ఆపైన బ్రెయిడ్ కొనతో అసలు బ్రెయిడ్ మీద ఆరు నుంచి ఎనిమిది సగం ముడులు, ఒకటి పైనుంచి, ఒకటి కిందినుంచి మార్చి మార్చి వేయండి. ఇవి లీడర్ మొనను కప్పి రింగులకు తగలకుండా చేస్తాయి. చివరి ముడిలో కొనను ఒకసారికి బదులు మూడుసార్లు తిప్పి బిగిస్తే విడిపోదు. ఇక్కడ లైటరు వాడాలనిపిస్తే ఒక్క సంగతి గుర్తుంచుకోండి: బ్రెయిడ్ పాలీఎథిలీన్ పోగులతో చేసినది, సుమారు 145 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. మంట ఒక్క క్షణం దగ్గరకు వచ్చినా పోగులు పోతాయి.

కొక్కెపు కాడకు స్నెల్

ఎర గుచ్చి దింపేవారికి ఇది తేలికైన, గట్టి ముడి. లీడర్ కొనను కొక్కెపు మొన వైపు నుంచి కంటిలోకి దూర్చి, కాడ వెంట ఆనించి, ఒక వలయం వదిలి, ఆ వలయపు దారంతో కాడనూ కొననూ కలిపి కంటి నుంచి కిందికి ఆరు చుట్లు చుట్టండి. అసలు దారాన్ని లాగి వలయాన్ని మూసి, కొనను ప్లేయర్‌తో బిగించండి. చుట్లు ఇనుప కాడ మీద పడతాయి గనుక బిరుసు దారం కూడా వాలుగా పోకుండా నిలుస్తుంది. కొక్కెం లాగిన దిశలోనే తిన్నగా ఉంటుంది.

130 పౌండ్లు దాటితే

ఇక్కడ చేతి బలం చాలదు. దారానికి తగిన కొలత గల క్రింపు గొట్టాన్ని తీసుకోండి. రెండు దారాలు దానిలో ఇరుకుగా పట్టాలి, మూడోది పట్టే చోటు ఉండకూడదు. నైలాన్‌కు అల్యూమినియం గొట్టం మంచిది. కంటిలోంచి తీసిన కొనను గొట్టంలోంచి అవతలికి రెండు మిల్లీమీటర్లు బయటికి తీసి, ఆ కొనను మాత్రం లైటరుతో చిన్న బొడిపెగా చేసి, వెనక్కి లాగి గొట్టానికి ఆనించండి. క్రింపు పరికరంతో గొట్టం నడిమి భాగాన్ని నొక్కండి. రెండు చివర్లనూ కాస్త వదిలేయాలి, అవి గంట ఆకారంలో విప్పారి ఉండాలి. చివరంచు నొక్కుకుపోతే అదే కత్తిలా దారాన్ని కోస్తుంది. మామూలు ప్లేయర్‌తో నొక్కిన గొట్టం చూడటానికి గట్టిగానే ఉన్నా సమంగా బిగియదు, అందుకే ఈ ఒక్క పరికరం మీద డబ్బు పెట్టమని చెబుతాను.

పరీక్షించడం

ఏ ముడినైనా ఇంట్లోనే త్రాసుతో పరీక్షించండి. కొక్కేన్ని మేకుకు తగిలించి, లీడర్ రెండో కొనను త్రాసుకు కట్టి, మీ డ్రాగ్‌కు రెట్టింపు, అంటే 6 కిలోలకు 12 కిలోలు వచ్చే దాకా లాగి పది లెక్కపెట్టేంత సేపు పట్టుకోండి. లాగే ముందు ముడి పక్కన అసలు దారం మీద స్కెచ్ పెన్నుతో ఒక చుక్క పెట్టండి. లాగిన తరువాత ఆ చుక్క ముడి నుంచి దూరంగా జరిగి ఉంటే ముడి జారుతోందని అర్థం, మళ్లీ వేయాలి. ఈ చుక్క ఉపాయం చాలా చిన్నది గాని జారే ముడిని కంటికి చూపించే దారి ఇంతకన్నా సులువైనది నాకు దొరకలేదు.

వేటలో ఉన్నప్పుడు ప్రతి పెద్ద చేప తరువాతా లీడర్ చివరి మీటరును గోటి మీదుగా లాగి చూడండి. గోటికి గరుకు తగిలితే అంత వరకు కత్తిరించి కొత్త ముడి వేయండి. ఎఫ్‌జీ అల్లిక మీద పోగులు లేచి కనిపిస్తే అదే చేయండి. కత్తిరించిన ముక్కలను సముద్రంలో వేయకుండా జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చుకోండి, నైలాన్ నీటిలో ఏళ్ల తరబడి కరగకుండా ఉండి పక్షుల కాళ్లకూ, తాబేళ్లకూ చుట్టుకుంటుంది.

ఊగే పడవ మీద, ఉప్పు నీళ్ల చేతులతో ఎఫ్‌జీ వేయడం అనుభవజ్ఞులకే కష్టం. కాబట్టి ముందు రోజు రాత్రి నాలుగైదు లీడర్లకు స్వివెల్ లేదా కొక్కెం వైపు ముడి వేసి, త్రాసుతో లాగి చూసి, ఒక్కొక్కటీ విడిగా చుట్టి చిన్న ప్లాస్టిక్ సంచుల్లో పెట్టుకోండి. ప్రతి సంచి మీద ఎన్ని పౌండ్లో, ఏ ముడో, ఏ తేదీన కట్టారో రాయండి.